ఒక సైజు తక్కువ

"కొంచెం దిగుతారా?"

దర్జీ దిగలేదు. దిగే ఉద్దేశం కూడా లేదు. షాపు మధ్యలో ఇనుప స్టాండుకి బిగించిన నల్ల రోడ్ బైకు మీద కూర్చుని, వంపు హ్యాండిల్ కింది కొసలు పట్టుకుని, ఎదురుగా గోడకున్న అద్దంలో తన వాటం తనే చూసి మురిసిపోతున్నాడు.

"మిమ్మల్నే. మీరు దిగితే నేనూ ఒకసారి ఎక్కి చూస్తాను. చాలాసేపటి నుంచి నిలబడ్డాను."

దర్జీ ఓరగా చూశాడు. నీలం యూనిఫాం చొక్కా వేసుకున్న ఒక అమ్మాయి. చేతులు కట్టుకుని నిలబడింది. ఆమె కళ్లు అతని మీద లేవు, సైకిలు మీదే ఉన్నాయి. అది అతనికి ఇంకా నచ్చలేదు.

"ఎక్కి ఏం చేస్తారు? ఇది నేను తీసుకుంటున్నాను."

"మీరా?" ఆ అమ్మాయి అప్పుడు అతన్ని చూసింది. బూట్ల నుంచి మొదలుపెట్టి తీరిగ్గా తల దాకా చూసింది. "ఇది మీ సైజు కాదు."

"మీరు షాపు మనిషా?"

"కాదు."

"డాక్టరా?"

"బస్సు డ్రైవర్ని."

"మరి నా సైజు మీకెలా తెలుసు?"

"కనిపిస్తూనే ఉందిగా. మోచేతులు బిగుసుకుపోయాయి. భుజాలు చెవుల్లోకి వెళ్లిపోయాయి. హ్యాండిల్ మీకు అందట్లేదు, మీరే దాని వెంట పడుతున్నారు."

"అలాగా. మరి ఇది మీకెందుకు?"

"నా సైజు కాబట్టి."

"ఓహో. నాకు సరిపోదు, మీకు మాత్రం సరిపోతుంది. ఎంత చక్కగా కుదిరింది."

ఆ అమ్మాయి ముక్కుపుటాలు ఎగిరాయి. "నేను అబద్ధం చెప్తున్నానంటారా?"

"అనట్లేదు. అనుకుంటున్నాను."

నిజానికి మన దర్జీ అంత పెడసరం మనిషి కాదు. తల్లితో కలిసి కోట్లు కుట్టే దుకాణం నడుపుతాడు. టేపు మెడలో వేసుకుని పొద్దుట్నించి సాయంత్రం దాకా జనాన్ని కొలుస్తూనే ఉంటాడు. పొట్ట ఉన్నవాళ్లు లేదని కుట్టమంటే నొప్పించకుండా నచ్చజెప్పడంలో అతన్ని మించినవాడు లేడు. ఆ రోజు మాత్రం అతనికి ఒంటి మీద తెలివి లేదు. దానికి కారణం ఒక చెయ్యి.

పొట్ట తగ్గించుకుందామని ఆదివారాల్లో సైకిలు తొక్కే గుంపులో చేరాడు. ఇంట్లో ఉన్న పాత సైకిలే తీసుకెళ్లాడు. దానికి మడ్‌గార్డులు, వెనక క్యారియరు, ముందు ఇంత పెద్ద గంట. గుంపులో అందరికీ ముద్దుపేర్లే. ఇతనికి వెంటనే "గంట" అని పెట్టేశారు. ఎంత తొక్కినా వరసలో అందరికంటే చివరే ఉండేవాడు.

ఆ గుంపుకో పద్ధతి ఉంది. ముందున్నవాళ్లు రోడ్డు మీద గుంతొస్తే చేత్తో చూపించాలి. చివరున్నవాడు వెనక నుంచి బండొస్తే అరవాలి. దాంతో అరిచే ఉద్యోగం ఇతనికి పర్మనెంటయింది.

అందరికంటే ముందు తొక్కేది పసుపు హెల్మెట్. అది ఆమె ముద్దుపేరు. గుంతొస్తే వేలు కిందికి చూపించేది. కంకర వస్తే అరచెయ్యి చాచి ఊపేది. గుంత దాటాక, ఇంక ఫరవాలేదన్నట్టు, అదే చేత్తో సైకిలు చొక్కాకి వీపు మీద ఉండే జేబుని రెండుసార్లు తట్టేది. రోడ్డు వంపు తిరిగినప్పుడే వరస చివరి మనిషికి ఆ చెయ్యి కనబడేది. అందుకని మనవాడికి వంపు రోడ్లంటే ప్రేమ పుట్టింది. తర్వాత ఆ ప్రేమ రోడ్ల దగ్గర ఆగలేదు.

మొహం చూద్దామంటే కుదిరేది కాదు. బయల్దేరేటప్పుడు ఇంకా చీకటి, అందరికీ హెల్మెట్లు, కళ్లద్దాలు. గుట్ట మీద కాఫీ కొట్టు దగ్గర అందరూ ఆగుతారు. ఇతను రొప్పుతూ అక్కడికి చేరేసరికి ముందువాళ్లు కాఫీ ముగించి సైకిళ్లెక్కి, "రా గంటా, మేం దిగుతున్నాం" అంటూ ఎదురొచ్చేవాళ్లు.

మెల్లమెల్లగా పొట్ట తగ్గింది. కాళ్లకి సత్తా వచ్చింది. సైకిలుకే రాలేదు. అందుకని కోటు కుట్టించుకునేవాడు బట్టలు చూసినట్టు రోడ్ బైకుల వీడియోలు చూసి చూసి, ఈ ఆదివారం ఎలాగైనా ముందు వరసతో పాటు గుట్టెక్కాలి, ఆమె మొహం చూడాలి, నాలుగు మాటలు మాట్లాడాలి అని తీర్మానించుకుని షాపుకొచ్చాడు. అలాంటివాణ్ని పట్టుకుని దిగమంటే దిగుతాడా?

చేతికంటిన గ్రీజు తుడుచుకుంటూ షాపు పెద్దాయన వచ్చాడు.

"బాబాయ్, మీరే చెప్పండి. ఇది ఇతనికి పెద్దదా కాదా?" అంది అమ్మాయి.

"అంకుల్, మీరు చెప్పాల్సిందేం లేదు. ప్యాక్ చెయ్యండి" అన్నాడు దర్జీ.

పెద్దాయన ఇద్దరినీ చూసి నవ్వాడు. "ఇందులో ఈ సైజు ఇదొక్కటే మిగిలింది. మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. సరే, ఈ బైకులో మీకు నచ్చిందేంటి బాబూ?"

"రంగు" అనేశాడు దర్జీ. తర్వాత నాలిక్కరుచుకుని, "గేర్లు కూడా. గుట్టెక్కడానికి తేలిక గేరుంది, టైర్లు మరీ సన్నంగా లేవు" అని చేర్చాడు.

"ముందు ఫ్రేమ్ సైజు, తర్వాత గేర్లు, టైర్లు. రంగు అన్నిటికంటే చివర. మీరు దాన్ని తిరగేసి వచ్చారు." పెద్దాయన మూలనున్న ఆకుపచ్చ బైకు నడిపించుకొచ్చాడు. "ఇదీ అదే మోడలు. అవే గేర్లు, అవే చక్రాలు. ఒక సైజు తక్కువ, అంతే."

ఒక సైజు తక్కువ. ఆ మాట దర్జీకి ఎక్కడో గుచ్చుకుంది. తనే కుట్టుకున్న కోటులో భుజాలు కొంచెం లేపి, నడుము కొంచెం పైకి కట్ చేసి, తను ఉన్నదానికంటే పొడుగ్గా కనబడేలా చూసుకునే మనిషి అతను. ఒక ఆడపిల్ల ముందు చిన్న సైజు బైకెక్కమంటే ఎలా?

"నాకు నల్లదే కావాలి."

"నాకూ" అంది అమ్మాయి.

"టెస్ట్ రైడ్ చెయ్యకుండా నేనెవరికీ అమ్మను. నేను చెప్తే నమ్మరు, రోడ్డు చెప్తే నమ్ముతారు" అన్నాడు పెద్దాయన. "ఇద్దరూ వెళ్లండి. ఒకరు నల్లది, ఒకరు ఆకుపచ్చది. కూడలి రౌండ్ దగ్గర మార్చుకుని రండి. హెల్మెట్లు అక్కడున్నాయి."

షాపు హెల్మెట్లు రెండూ ఎర్రవే. అమ్మాయి ఆకుపచ్చ బైకు సీటు ఎంత పైకి లాగాలో అంతా లాగించుకుని, అతని వంక చూడకుండా ముందు బయల్దేరింది.

దర్జీ పెడల్ మీద కాలేసి నొక్కాడు. నల్ల బైకు ముందుకి దూకింది.

అతనికి ఒళ్లు జలదరించింది. ఇన్నాళ్లూ తను తొక్కింది సైకిలా, కుట్టుమిషనా? ఒక్క తొక్కుకి ఇంత దూరమా? వేలితో తడితే గేరు మారుతోంది. కరెంటు స్తంభాలు చకచకా వెనక్కి పోతున్నాయి. నవ్వు దానంతటదే వచ్చేస్తోంది. రెండు వీధులు అలాగే గాల్లో తేలాడు.

మూడో వీధిలో అరచేతులు తిమ్మిరెక్కాయి. బ్రేకు అందుకోవడానికి ప్రతిసారీ ముందుకి జరగాల్సి వస్తోంది. మెడ పట్టేసింది. "కొత్త కదా, అలవాటవుతుంది" అని తనకి తను చెప్పుకున్నాడు. ఇదే మాట ఎవరైనా కోటు గురించి అంటే ఒప్పుకునేవాడు కాదు.

పైన మబ్బు పట్టింది. ఒక చినుకు అతని ముక్కు మీద పడింది, ఇంకొకటి ఎక్కడ పడదామా అని ఆలోచిస్తున్నట్టుంది. ముందున్న అమ్మాయి కొంచెం పక్కకి జరిగి, చెయ్యి వెనక్కి చాపి, వేలు కిందికి చూపించింది. గుంత. దర్జీ తప్పించుకున్నాడు.

ఆ చెయ్యి వెనక్కి వెళ్లి చొక్కా మీద, వీపు కింద, జేబే లేని చోట రెండుసార్లు తట్టింది.

దర్జీ పెడల్ తొక్కడం మరిచిపోయాడు.

కాదు. ఎవరైనా తట్టుకోవచ్చు. ఇంకో గుంతొస్తే బాగుండు దేవుడా అని మొదటిసారి కోరుకున్నాడు. రోడ్డు వేసినవాళ్ల పుణ్యమా అని వెంటనే వచ్చింది. వేలు కిందికి, తర్వాత రెండు తట్లు.

పసుపు హెల్మెట్. తను అబద్ధాలకోరని తీర్మానించింది పసుపు హెల్మెట్‌ని. సైకిలు దిగనన్నది పసుపు హెల్మెట్‌తో. ఏ మనిషితో నాలుగు మాటలు మాట్లాడటానికి ఇన్నాళ్లు తపించాడో ఆ మనిషితో నలభై మాటలు మాట్లాడేశాడు, ఒక్కటీ మంచిది కాదు.

వెనక ఇంజను శబ్దం వినిపించింది. మనసు ఎక్కడున్నా గొంతు డ్యూటీలోనే ఉంది.

"కారు వెనకా..."

ఆమె తల తిప్పలేదు. అలవాటుగా పక్కకి జరిగింది. కారు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె సైకిలు మెల్లగా, ఇంకా మెల్లగా వెళ్లి ఆగింది. ఒక కాలు నేల మీద పెట్టి వెనక్కి తిరిగింది.

"ఇంకోసారి అరవండి."

"ఏమని?"

"ఇందాకటిలాగే."

"ఇప్పుడు కారు లేదుగా."

"లేకపోతే ఏం? అరవండి."

నడిరోడ్డు మీద, కారు లేకుండా, ఆమె మొహంలోకి చూస్తూ, మనవాడు గొంతెత్తి "కారు వెనకా" అన్నాడు. దారిన పోతున్న ఒకావిడ భయపడి గోడవారకి జరిగింది.

"మీరు గంటా?" అంది ఆమె.

"మీరు పసుపు హెల్మెట్" అన్నాడు అతను.

అప్పటిదాకా ఆలోచిస్తున్న వాన ఒక నిర్ణయానికొచ్చింది. ఒక్కసారిగా కుమ్మేసింది. ఇద్దరూ సైకిళ్లు లాక్కుంటూ పక్కనే ఉన్న బస్టాప్ రేకుల కిందికి పరిగెత్తి బెంచీ మీద కూలబడ్డారు. ఒకరినొకరు చూసుకుని నవ్వడం మొదలుపెడితే ఆపడం వల్ల కాలేదు.

"మాట్లాడితే మీ గొంతు వేరుగా ఉంది. అరిస్తేనే గుర్తుపట్టాను" అంది ఆమె.

"ఇక మీదట అరుస్తూనే మాట్లాడతాను."

"మీకో విషయం చెప్పనా? బస్సుకి ఇటూ అటూ లోపలా అన్నీ అద్దాలే. సైకిలుకి ఒక్కటీ లేదు. మొదట్లో నాకు ప్రాణం మీదకొచ్చినట్టుండేది, ఊరికే వెనక్కి చూసుకునేదాన్ని. మీరు వచ్చాక మానేశాను. ఆదివారం పూట నా అద్దం మీ గొంతే."

దర్జీకి చాలా ఆనందంగా ఉంది, అంతే.

"మీరు రాని వారం నాకు మెడ పట్టేసింది తెలుసా. ఎక్కడికి వెళ్లారు?"

"ఒక హోటలు వాళ్లకి కోట్లు కుట్టి ఇవ్వాల్సి వచ్చింది. ఇంకెప్పుడూ మానను."

"ఎప్పుడూ చివరే ఉంటారెందుకు?"

"సైకిలు బరువు. దాని గంటే ఒక మనిషంత ఉంటుంది. మరి మీరు? ఇంత బాగా తొక్కుతారు, మీ దగ్గర మంచి సైకిలే ఉండుంటుందిగా."

"మా తమ్ముడిది. వాడి కొలతలకి కొన్నది. నాకు కురచ. గంటసేపు తొక్కితే మోకాళ్లు లబోదిబోమంటాయి. అందుకే వారం నుంచి ఈ నల్లదాని చుట్టూ తిరుగుతున్నాను." ఆమె అతని వైపు తిరిగింది. "మీకు కొత్త సైకిలెందుకు? వెనక హాయిగా ఉన్నారుగా."

"ముందుకి రావాలని."

"వచ్చి?"

దర్జీ "వాన తగ్గిందేమో" అని లేచాడు. చూద్దామని ఆమె కూడా లేచింది.

అప్పుడు తెలిసింది అతనికి. స్టాండు మీద ఎత్తుగా కూర్చున్నవాడికి, సైకిలు మీద ముందుకి వంగినవాడికి ఎదుటి మనిషి ఎత్తు తెలియదు. ఇప్పుడు పక్కపక్కన నిలబడితే అతని తల ఆమె చెవి దగ్గర ఆగిపోయింది. నల్ల బైకు ఆమె సైజే. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. ఆ బైకు మీద తను పెద్దవాళ్ల కోటు వేసుకున్న పిల్లాడిలా ఉండుంటాడు. అద్దంలో చూసుకుని మురిసిపోయాడు కూడా. అతని మొహం మాడిపోయింది.

ఆమె ఆ మొహం చూసింది. నవ్వు ఆగిపోయింది.

"అర్థమైంది" అంది.

"ఏమిటి?"

"ఈ మొహం నాకు కొత్త కాదు. కాఫీకి రమ్మని పిలిచి, నేను లేచి నిలబడగానే వాచీ చూసుకున్నవాళ్లని చాలామందిని చూశాను."

"అది కాదండీ, నేను..."

"నల్లది మీరే తీసుకోండి. దాని మీద ఎత్తుగా కనబడతారు."

వానలోనే సైకిలెక్కి వెళ్లిపోయింది. దర్జీ ఒక్క ఉదుటున నల్ల బైకెక్కబోయాడు. అది అంత ఉదుటున ఎక్కనివ్వలేదు. ఎలాగో ఎక్కి, చేతులు సాగదీసుకుని, మెడ నొప్పిని తిట్టుకుంటూ షాపు చేరేసరికి ఆకుపచ్చ బైకు నీళ్లు కారుతూ గోడకి ఆనించి ఉంది. ఆమె లేదు.

"నల్లది మీకే ఇమ్మని చెప్పి వెళ్లిపోయిందయ్యా. ఏమన్నావేంటి?" అన్నాడు పెద్దాయన.

"ఏమీ అనలేదు. అదే తప్పయింది."

సాయంత్రం దుకాణంలో కూర్చుని సూదిలో దారం ఎక్కించడానికి నానా తంటాలు పడుతుంటే తల్లి ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వచ్చింది. ఆవిడ కళ్లకి వంకర కుట్టు, వంకర మొహం రెండూ ఒకేసారి కనబడతాయి.

"మెడకేమైందిరా?"

"ఏం లేదమ్మా."

"ఏం లేనివాడు తల తిప్పమంటే ఒళ్లంతా తిప్పుతాడా? చెప్పు."

చెప్పాడు. చెయ్యి దగ్గర్నుంచి మొదలుపెట్టి, నల్ల బైకు, గుంతలు, వాన, బస్టాప్, అన్నీ చెప్పేశాడు. తల్లి మధ్యలో రెండుసార్లు నవ్వు ఆపుకుంది.

"నిన్న ఒకాయన నడుము ఒక సైజు తగ్గించి కుట్టమంటే నువ్వేమన్నావు?"

"గుండీలు మీ మాట వినవు సార్, పొట్ట మాటే వింటాయి అన్నాను."

"మరి నీ మెడ ఎవరి మాట వింటుంది?"

దర్జీ మెడ రుద్దుకున్నాడు.

"అది సరే. అమ్మాయి ఎంత పొడుగు?"

"నేను ఆమె చెవి దాకా వస్తాను."

"అంతేనా? మీ నాన్న నాకు భుజం దాకా వచ్చేవాడు. మన పాత ఫొటోలన్నిట్లో ఆయన కుర్చీలో ఎందుకు కూర్చున్నాడనుకున్నావు?"

"దర్జా కోసం అనుకున్నాను."

"దర్జానా, పాడా. కెమెరా చూస్తే చాలు, కుర్చీ ఎక్కడుందా అని వెతుక్కునేవాడు." ఆవిడ కొడుకు పక్కన కూర్చుంది. "ఒక్క మాట చెప్పు. నీకు ఆ అమ్మాయి ఎత్తు బాధా, నీ ఎత్తు బాధా?"

"ఆమె ఎత్తు కాదమ్మా. నిలబడితే ఎంత బాగుందో తెలుసా. నాదే."

"అది నేను సాగదియ్యలేను. కొలిచి పెట్టగలను."

దర్జీ మెడలోంచి టేపు తీసి తల్లి చేతిలో పెట్టాడు. ఊళ్లో అందరి కొలతలూ తీసినవాడు, ఎన్నాళ్లయిందో, గోడకి వీపు ఆనించి బూట్లు విప్పి నిటారుగా నిలబడ్డాడు. "కాలు లోపలివైపు నుంచి తియ్యమ్మా. తర్వాత చెయ్యి. భుజాలు లేపను, ఉన్నదున్నట్టు చెప్పు."

మర్నాడు ఆ కొలతలు పట్టుకుని షాపుకెళ్లాడు. పెద్దాయన ఒకసారి చూసి, మాట్లాడకుండా ఆకుపచ్చ బైకు సీటు కిందికి దించి బిగించాడు. దర్జీ ఎక్కాడు. మోచేతులు తేలిగ్గా వంగాయి. బ్రేకులు వేళ్ల కిందికి వచ్చి కూర్చున్నాయి. రౌండ్ దాకా వెళ్లొచ్చేసరికి మెడ సంగతే గుర్తు రాలేదు. నల్లదాని మీద వచ్చిన నవ్వే మళ్లీ వచ్చింది, ఈసారి ఆగకుండా.

"ఇది నాది అంకుల్. నల్లదాన్ని ఎవరికీ ఇవ్వకండి."

"ఇంకొకతను అడుగుతున్నాడయ్యా. ఆ అమ్మాయి వద్దని వెళ్లిందిగా."

"ఆదివారం మధ్యాహ్నం దాకా ఆపండి. ఆమె రాకపోతే అప్పుడు ఇచ్చెయ్యండి."

"ఎవరి పేరు మీద ఆపను?"

దర్జీకి అప్పుడు తట్టింది, ఆమె పేరే తెలియదని. "పసుపు హెల్మెట్ అని చీటీ కట్టండి" అన్నాడు.

ఆదివారం చీకట్లోనే గుంపు బయల్దేరింది. ఆమె తమ్ముడి సైకిలు మీద వచ్చింది, ఎవరితోనూ మాట్లాడకుండా ముందుకెళ్లిపోయింది. దర్జీ ఎప్పటిలాగే చివర చేరాడు. లారీ వస్తే లారీ అని, కారొస్తే కారని అరిచాడు. రోడ్డు వంపు తిరిగినప్పుడు ఆశగా చూశాడు. చెయ్యి గుంత చూపించింది. తట్టకుండా తిన్నగా హ్యాండిల్ మీదకి వెళ్లిపోయింది.

కోపం ఇంకా పోలేదు.

గుట్ట కిందికి వచ్చారు. దర్జీ తన ముందున్న ఆయన పక్కకి చేరాడు. ఆయన నోరు మూతపడదు కాబట్టి అందరూ రేడియో అంటారు.

"రేడియో అన్నా, ఇవాళ చివర నువ్వుండు. బండొస్తే అరువు."

"నువ్వెక్కడికి?"

"ముందుకి."

గేరు తగ్గించాడు. తొక్కాడు. ఒకరిని దాటాడు. ఇంకొకరిని. గుండె కొట్టుకోవడం చెవుల్లో వినబడుతోంది. "గంటేంట్రా, ఇక్కడ" అని ఎవరో అన్నారు. దాటేశాడు. వంపు తిరిగితే పసుపు రంగు దగ్గరగా కనబడింది. ఇంకో వంపు, ఇంకా దగ్గర. చమట కళ్లలోకి దిగుతోంది. ఇంత కష్టంలో ఇంత సంతోషం ఎలా పట్టిందో అతనికే తెలీదు. చివరికి అతని ముందు చక్రం ఆమె పక్కకి వచ్చింది.

ఆమె ఓరగా చూసి వేగం పెంచింది. అతనూ పెంచాడు.

"ఇది నల్లది కాదే" అంది, రోడ్డు మీదే చూపు పెట్టి.

"కాదు. నాది... ఇదే సైజు."

"నల్లదేమైంది?"

"షాపులో ఉంది. మీ కోసం... ఆపించాను. మీరు నిజమే చెప్పారు. నేనే... నమ్మలేదు."

"ఎవరు ఆపమన్నారు?"

"మీ మోకాళ్లు."

ఆమె పెదవి కదిలింది. వెంటనే బిగించుకుంది. "మరి ఆ రోజు బస్టాప్‌లో ఆ మొహం?"

"అది నన్ను చూసుకుని... మిమ్మల్ని చూసి కాదు. ఒట్టు. మిమ్మల్ని చూసి అలా పెడితే... నేను మనిషినే కాదు."

ఆమె వేగం తగ్గించింది. మిగిలిన ఎత్తంతా ఇద్దరూ పక్కపక్కనే ఎక్కారు. గుట్ట మీద కాఫీ కొట్టు ఇంకా తలుపులు తీస్తోంది. వాళ్ల కంటే ముందు ఎవరూ రాలేదు. ఇద్దరూ సీట్ల మీదే ఉండి ఒక కాలు నేలకి ఆనించారు.

దర్జీకి ఊపిరి ఇంకా అందలేదు. అందేదాకా ఆగితే ధైర్యం పోతుందని భయం వేసింది.

"నాకు మీరంటే ఇష్టం" అన్నాడు. "మీ చెయ్యి చూసినప్పట్నించి. ఇప్పుడు మొత్తం మనిషి."

ఆమె కళ్లద్దాలు తీసింది. ఆ కళ్లలో కోపం లేదు, భయం ఉంది.

"సైకిలు మీద కూర్చుని చెప్పడం తేలికే. ఇక్కడ ఇద్దరం ఒకే ఎత్తు. దిగి చెప్పండి."

ముందు ఆమే దిగింది. సైకిలు గోడకి ఆనించి, హెల్మెట్ తీసి, ఎప్పుడూ చేసినట్టు భుజాలు ముడుచుకోకుండా, నిటారుగా నిలబడింది. గుంపులోవాళ్లు ఒక్కొక్కరే రొప్పుకుంటూ వచ్చి ఆగుతున్నారు. అందరూ చూస్తున్నారు. దర్జీ దిగాడు. మడమలెత్తలేదు. తిన్నగా వెళ్లి ఆమె పక్కన, భుజానికి భుజం కలవని చోట నిలబడి, తలెత్తి, అందరికీ వినబడేలా చెప్పాడు.

"నాకు మీరంటే చాలా ఇష్టం."

రేడియో కూడా నోరు మూసుకున్నాడు.

ఆమె అతన్ని చాలాసేపు చూసింది. చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి, మొహం మీద నవ్వు వచ్చింది. ఏది ముందు వచ్చిందో దర్జీ తర్వాత ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నా తేల్చుకోలేకపోయాడు.

"నాక్కూడా" అంది. "నేను లేచి నిలబడ్డాక కూడా వాచీ చూసుకోకుండా నా పక్కనే నిలబడ్డవాణ్ని మిమ్మల్నే చూస్తున్నాను."